పుస్తకం ఇస్తే చదువు వస్తుందా?

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

అన్నదానం ఒక పూట ఆకలి తీరుస్తుంది, విద్యాదానం జన్మంతా తోడుంటుంది అని మన పెద్దలు చెబుతుంటారు. అందుకే కాబోలు, ఏ దేశంలోనైనా పిల్లల చదువు కోసమని చందా అడిగితే కాదనేవారు తక్కువ. గుడికీ బడికీ ఇచ్చిన రూపాయి ఎక్కడికీ పోదని ఒక నమ్మకం. సొంత ఊరి బడికి బెంచీలు కొనిచ్చే రైతు దగ్గరనుంచి, వేల మైళ్ళ అవతల తానెన్నడూ చూడని పిల్లవాడి కోసం నెలనెలా డబ్బు పంపే యూరపు గుమాస్తా వరకు అందరిదీ అదే నమ్మకం.

ఆ నమ్మకాన్ని తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని సైన్సు చదువుకుంటున్న వాళ్ళం గనుక ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. ఇచ్చిన రూపాయి బడికి చేరిందా లేదా అన్నది ఒక లెక్క. చేరిన రూపాయి వల్ల పిల్లవాడికి చదువు వచ్చిందా లేదా అన్నది మరో లెక్క. మొదటి లెక్క ఆడిటరు చూస్తాడు. రెండో లెక్క ఎవరు చూస్తారు?

ఈ రెండో లెక్కను ధైర్యంగా చూసుకున్న ఒక సంస్థ కథను ఇక్కడ పాఠంగా చెప్పుకుందాం. ఆ సంస్థ హాలండు దేశానిది. పనిచేసింది ఆఫ్రికాలోని కెన్యాలో. దాని పేరును కుదించి ఐ.సి.ఎస్. అంటారు. ప్రపంచ బ్యాంకులాంటి పెద్ద సంస్థ కాదు, దాతల చందాల మీద నడిచే ధర్మసంస్థ. అయినా అది చేయనిచ్చిన పరీక్షలు అర్థశాస్త్రంలో ఒక కొత్త దారి వేసి, చివరకు 2019 నోబెల్ బహుమతి దాకా తీసుకుపోయాయి.

బుసియా బడులు

కెన్యాకు పడమటి కొసన, ఉగాండా సరిహద్దును ఆనుకొని, విక్టోరియా సరస్సుకు దగ్గరగా బుసియా అనే జిల్లా ఉంది. చిన్న కమతాల వ్యవసాయం, ఎక్కువమంది పేదలు. 1990లలో అక్కడి ప్రాథమిక పాఠశాల అంటే 8 తరగతులు. 8వ తరగతి చివర దేశమంతటికీ ఒకే పబ్లిక్ పరీక్ష. (ఆ పరీక్ష 2023తో ఆగిపోయింది.) బడి సర్కారుదే అయినా ఫీజులు తల్లిదండ్రులు కట్టాలి, పుస్తకాలు వాళ్ళే కొనాలి, యూనిఫారం వాళ్ళే కుట్టించాలి. 2003లో ప్రభుత్వం ప్రాథమిక విద్యలో ఫీజులు ఎత్తివేసేదాకా ఇదే పరిస్థితి. ఒక్కో తరగతిలో పాఠ్యపుస్తకం ఉన్న పిల్లలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఇలాంటి చోట పిల్లల చదువుకు ఏం చేయాలని అడిగితే ఎవరైనా ఏం చెబుతాం? పుస్తకాలివ్వండి, బట్టలివ్వండి, గదులు కట్టించండి అంటాం. ఐ.సి.ఎస్. కూడా అదే అనుకుంది. దాతలు ఇచ్చిన డబ్బుతో సరిగ్గా ఆ పనులే మొదలుపెట్టింది.

మైకేల్ క్రెమర్ అనే అమెరికన్ 1980లలో, చదువు ముగించిన కొత్తలో, కెన్యా బడిలో పాఠాలు చెప్పినవాడు. తరువాత అర్థశాస్త్రంలో ఆచార్యుడయ్యాడు. 1990లలో మళ్ళీ కెన్యా వెళ్ళినప్పుడు ఐ.సి.ఎస్.లో పనిచేస్తున్న పాత మిత్రుడు తమ కొత్త కార్యక్రమం గురించి చెప్పాడు. క్రెమర్ ఒక చిన్న సలహా ఇచ్చాడు. ఒక్కసారిగా అన్ని బడులకూ ఇచ్చే డబ్బు మీ దగ్గర ఎలాగూ లేదు కదా, మొదట కొన్ని బడులకు ఇచ్చి, తక్కిన వాటికి తరువాత ఇవ్వండి, మొదటి విడతలో ఎవరు రావాలో మీ ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు ఎంచండి, అప్పుడు రెండింటినీ పోల్చి మీ సాయం ఏం చేసిందో తెలుసుకోవచ్చు అన్నది ఆ సలహా సారాంశం. సంస్థ ఒప్పుకుంది. ఈ ఒప్పుకోవడమే ఈ కథలో అన్నిటికన్నా పెద్ద విషయం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

పొలంలో పుట్టిన పద్ధతి

ఈ పోలిక పద్ధతి ఆర్థికవేత్తలు కనిపెట్టింది కాదు. ఇది మన పొలాల్లో పుట్టింది. రైతుబిడ్డనైన నాకు ఇది చెప్పడంలో కొంచెం గర్వం కూడా ఉంది.

కొత్త ఎరువు వచ్చిందనుకోండి. దాన్ని కాలువ మొదట్లో ఉన్న మడిలో చల్లి, శివారు మడిలో పాత ఎరువే వేసి, మొదటి మడిలో 4 బస్తాలు ఎక్కువ పండాయి గనుక కొత్త ఎరువు మంచిదని ఎవరైనా అంటే మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. నీళ్ళు ముందందే మడి అది, అక్కడ ఎరువు వేయకపోయినా శివారు మడికంటె ఎక్కువే పండేదేమో! ఎరువు బలమెంత, నీటి బలమెంత, మట్టి బలమెంత అని విడదీయడం ఎలా?

ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఆర్. ఏ. ఫిషర్ ఈ చిక్కుకు దారి చూపించాడు. పొలాన్ని చిన్న చిన్న మడులుగా కొయ్యండి, ఏ మడికి ఏ ఎరువో మనిషి నిర్ణయించకూడదు, చీట్లు వేయండి అన్నాడు. చీటీకి పక్షపాతం లేదు. మంచి మడులూ చెడ్డ మడులూ రెండు పక్షాలకూ దాదాపు సమంగా పడతాయి. మడుల సంఖ్య పెరిగేకొద్దీ ఆ సమానత్వం పెరుగుతుంది. అప్పుడు రెండు పక్షాల దిగుబడిలో మిగిలే తేడా ఎరువుదే అని చెప్పవచ్చు. ఆ తేడా కేవలం కాకతాళీయంగా రావడానికి ఎంత అవకాశం ఉందో కూడా లెక్క కట్టవచ్చు. 1935లో ఫిషర్ ప్రయోగాల రూపకల్పన మీద ఒక గ్రంథమే రాశాడు.

ఈ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసినవారు మన సి. ఆర్. రావుగారు. 1920లో హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయి, 2023లో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. స్టాటిస్టిక్స్ చదివే ప్రతి విద్యార్థీ పరీక్షలో రాసే క్రామర్-రావు అసమానతలోని రావుగారు ఆయనే.

బుసియాలో జరిగిందల్లా ఇంతే. మడి బదులు బడి. ఎరువు బదులు పుస్తకమో, బట్టో, మందో. దిగుబడి బదులు హాజరు, మార్కులు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మడికి ప్రాణం లేదు, బడిలో ఉన్నది పిల్లలు. కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకుండా చూస్తూ కూర్చోవడం న్యాయమా? గట్టి ప్రశ్నే. కాని అందరికీ సరిపడా డబ్బు లేనప్పుడు ఎవరో కొందరికి ఆలస్యం కాక తప్పదు. అప్పుడు ఎవరికి ముందు? మోతుబరి ఉన్న ఊరికా, రోడ్డుపక్క ఊరికా, పలుకుబడి ఉన్న హెడ్మాస్టరుకా? ఆ వరసకంటె చీటీ అన్యాయం కాదు. పైగా పనికిరాని సాయాన్ని ఏళ్ళ తరబడి అందరికీ పంచడం కూడా పిల్లలకు చేసే అన్యాయమే. ఆ డబ్బుతో పనికొచ్చేది చేసి ఉండవచ్చు కదా.

మొదటి పరీక్ష: యూనిఫారాలు

1995లో 14 పేద బడులను తీసుకొని, వాటిలో 7 బడులను చీటీ పద్ధతిలో ఎంచారు. ఆ 7 బడుల పిల్లలకు సంస్థ యూనిఫారాలు, పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. తరగతి గదులు కట్టించింది. యూనిఫారం ఒక్కటే 6 డాలర్లు. తలసరి ఆదాయం ఏడాదికి 340 డాలర్ల దేశంలో, నలుగురైదుగురు పిల్లలున్న ఇంటికి అది తక్కువ బరువు కాదు.

ఏం జరిగింది? బడి మానేసే పిల్లలు బాగా తగ్గిపోయారు. 5 ఏళ్ళ తరువాత చూస్తే ఆ బడుల పిల్లలు తక్కినవారికంటె 15 శాతం ఎక్కువ చదువు పూర్తిచేశారు. చుట్టుపక్కల బడుల నుంచి కూడా పిల్లలు వచ్చి చేరారు. తరగతికి సగటున 9 మంది పెరిగారు. తల్లిదండ్రులు ఆ రద్దీని పట్టించుకోలేదు. ఇంటిమీద ఖర్చు తగ్గింది, అది చాలు.

మరి మార్కులో? మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెరిగిన రద్దీ వల్ల తగ్గలేదు, ఇచ్చిన పుస్తకాల వల్ల పెరగలేదు.

అంటే ఒకే సాయం ఒక లెక్కలో నెగ్గింది, మరో లెక్కలో నెగ్గలేదు. పిల్లల్ని బడికి తేవడం ఒకటి, బడికి వచ్చిన పిల్లలకు చదువు రావడం ఒకటి. ఈ రెంటినీ మనం మాటల్లో ఎప్పుడూ కలిపేస్తుంటాం. పరీక్ష వాటిని విడదీసి చూపించింది.

రెండో పరీక్ష: పాఠ్యపుస్తకాలు

పుస్తకాల సంగతి విడిగా తేల్చుకోవాలని 100 బడులను తీసుకొని 4 జట్లు చేశారు. 1996లో మొదటి జట్టులోని 25 బడులకు పుస్తకాలు ఇచ్చారు. తక్కిన జట్లకు సాయం తరువాతి సంవత్సరాలలో. ఇది తప్పక ఫలిస్తుందని అందరి నమ్మకం. అంతకుముందు వచ్చిన అధ్యయనాలు కూడా పుస్తకాలున్న బడుల్లో మార్కులు ఎక్కువని చెప్పాయి.

ఫలితం చూసి చేసినవాళ్ళే విస్తుపోయారు. సగటు మార్కులు పెరగలేదు. ఇంకా లోతుకు వెళ్ళి చూస్తే, మొదటినుంచీ బాగా చదివే పిల్లల మార్కులు మాత్రం పెరిగాయి. మధ్య వరసకూ, వెనక వరసకూ ఏమీ ఒరగలేదు.

కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అక్కడి పిల్లవాడికి ఇంట్లో లుహ్యాయో, తేసోయో, లువోయో అమ్మభాష. స్వాహిలీ రెండో భాష. ఇంగ్లీషు మూడోది. పైగా పాఠ్యప్రణాళిక అంతా పట్నంలో చదువుకున్న ఇళ్ళ పిల్లలను మనసులో పెట్టుకొని తయారైనది. చదవలేని పిల్లవాడి చేతిలో పుస్తకం పెడితే అతడు దాన్ని భద్రంగా అట్ట వేసి దాచుకుంటాడు, అంతే.

ఊళ్ళో తెలుగు మీడియం చదివి, డిగ్రీలో మొదటిసారి ఇంగ్లీషు ఫిజిక్సు పుస్తకం తెరిచిన మనవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పుస్తకం లేకపోవడం ఒక బాధ. పుస్తకం ఉండి అర్థం కాకపోవడం ఇంకో బాధ. రెండో బాధ బయటికి కనబడదు, అందుకే దానికి చందాలు పోగవవు.

మూడో పరీక్ష: గోడ పటాలు

చదవడం రాకపోతే బొమ్మలు చూపిస్తే పోదా అనిపిస్తుంది. సైన్సు, లెక్కలు, భూగోళం, ఆరోగ్యం పాఠాలకు పెద్ద బొమ్మల పటాలు తయారయ్యాయి. 178 బడులు తీసుకొని అందులో సగానికి, అంటే 89 బడులకు, పటాలు ఇచ్చారు.

ఇక్కడ ఒక చమత్కారం ఉంది. జిల్లాలో అంతకుముందే సొంతంగా పటాలు కొనుక్కున్న బడులు కొన్ని ఉన్నాయి. వాటినీ పటాలు లేని బడులనూ మామూలుగా పోల్చి చూస్తే పటాలున్న బడుల మార్కులు బాగా ఎక్కువగా కనిపించాయి. చీటీ పద్ధతిలో పటాలిచ్చిన బడులను చూస్తే తేడా సున్న.

ఎందుకిలా? తన డబ్బుతో పటాలు కొనే బడి ఎలాంటిది? చురుకైన హెడ్మాస్టరు, శ్రద్ధగల తల్లిదండ్రులు ఉన్న బడి. అది కాలువ మొదట్లో ఉన్న మడి. మార్కులు తెచ్చింది ఆ శ్రద్ధ, పేరు వచ్చింది పటానికి. శ్రద్ధను కొని పంచలేము, పటాన్ని కొని పంచగలము. కాబట్టి పటాన్ని పంచి ఊరుకుంటాం.

నాలుగో పరీక్ష: కడుపులో పురుగులు

బుసియా పిల్లల్లో నూటికి 90 మందికి పైగా కడుపులో ఏదో ఒక పురుగు ఉంది. కొంకిపురుగు, ఏలికపాము, కొరడాపురుగు, సరస్సు నీళ్ళవల్ల వచ్చే షిస్టోసోమా. రక్తం తాగేవి కొన్ని, తిన్న తిండిని పంచుకునేవి కొన్ని. నీరసించిన పిల్లవాడు బడి మానేసి ఇంట్లో పడుకుంటాడు. దీనికి ఆల్బెండజోల్, ప్రాజిక్వాంటెల్ అనే మాత్రలున్నాయి. ఖర్చు అప్పట్లో పిల్లవాడికి ఏడాదికి అర డాలరు లోపు.

75 బడులు, 30 వేలకు పైగా పిల్లలు. మూడు జట్లు, జట్టుకు 25 బడులు. మొదటి జట్టుకు 1998లో, రెండో జట్టుకు 1999లో, మూడో జట్టుకు 2001లో మందు మొదలుపెట్టారు. క్రెమర్‌తో కలిసి ఎడ్వర్డ్ మిగెల్ ఈ పరిశోధన చేసి 2004లో ప్రచురించాడు. మందు వేసిన బడుల్లో గైరుహాజరు నాలుగో వంతు తగ్గింది. ఒక పిల్లవాడు అదనంగా ఒక ఏడాది బడిలో ఉండటానికి అయిన ఖర్చు మూడున్నర డాలర్లని లెక్క తేలింది. మందు వేసుకోని పిల్లలక్కూడా మేలు జరిగింది, ఎందుకంటే పక్కవాడి పురుగు తగ్గితే మట్టిలో గుడ్లు తగ్గుతాయి. పక్క చేనువాడు తెగులు మందు కొడితే మన చేనుకు కొంత మేలైనట్టు. కాని ఇక్కడ కూడా పరీక్ష మార్కుల్లో పెరుగుదల కనబడలేదు.

తరువాతి కథ కూడా చెప్పాలి, లేకపోతే పాఠం సగమే అవుతుంది. క్రెమర్, మిగెల్ తమ లెక్కల కాగితాలన్నీ ఇతరులకు ఇచ్చారు. లండనుకు చెందిన పరిశోధకులు మళ్ళీ మొదటినుంచి లెక్క వేసి 2015లో ప్రచురించారు. కంప్యూటరు లెక్కల్లో పొరపాట్లు బయటపడ్డాయి. దూరపు బడులదాకా మేలు పాకిందన్న మాట బలహీనపడింది. బడుల జట్లను నిజంగా చీట్లతో కాక, పేర్లను అక్షరక్రమంలో రాసి ఒకటి, రెండు, మూడు అని ఎంచారు గదా అని ఆక్షేపణ కూడా వచ్చింది. హాజరు పెరిగిందన్న మాట మాత్రం చాలావరకు నిలిచింది. ఇతర దేశాల పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, సామూహికంగా మందు వేయడం వల్ల సగటున బరువులోగాని చదువులోగాని చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చింది. బుసియాలో పురుగుల బెడద మామూలు కంటె చాలా ఎక్కువ, అన్నిచోట్లా ఒకే ఫలితం ఆశించకూడదు అని రెండో పక్షం జవాబు. 2021లో అదే పిల్లలను 20 ఏళ్ళ తరువాత వెతికి పట్టుకొని చూస్తే, ముందుగా మందు పొందిన వారి కుటుంబ ఖర్చు స్థోమత 14 శాతం, గంట సంపాదన 13 శాతం ఎక్కువగా ఉన్నాయి.

ఈ వాదన ఇంకా పూర్తిగా ముగియలేదు. అయినా దీన్ని చూసి పరిశోధన మీద విసుగు పుట్టనక్కరలేదు. తన లెక్కను ఎదుటివాడి చేతికిచ్చి తప్పులుంటే చూపించమనడమే సైన్సు. ధర్మకార్యాలకూ ఆ అలవాటు అబ్బితే మంచిదే.

మన దేశంలో 2015 ఫిబ్రవరిలో జాతీయ నులిపురుగుల నివారణ దినం మొదలైంది. 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు బడుల్లోనూ అంగన్‌వాడీల్లోనూ ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. మన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ బడిలో నమిలే ఆ మాత్ర వెనుక ఇంత చర్చ నడిచింది.

మన రాష్ట్రంలో జరిగిన ఒక పరీక్ష

ఇదే పద్ధతి మన గడ్డమీదకూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి, ప్రభుత్వమూ అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషనూ ప్రపంచ బ్యాంకూ కలిసి, 5 జిల్లాల్లోని 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద పరీక్షలు జరిపాయి. అందులో ఒకటి మనకు సూటిగా తగిలేది. చీటీలో వచ్చిన బడులకు పిల్లలకు కావలసిన పలకలు, పుస్తకాలు, సామాన్ల కోసం నగదు గ్రాంటు ఇచ్చారు.

మొదటి ఏడు ఆ గ్రాంటు ఎవరూ ఎదురుచూడనిది. ఆ ఏడు మార్కులు పెరిగాయి. రెండో ఏడు గ్రాంటు వస్తుందని అందరికీ ముందే తెలుసు. ఆ ఏడు అదనంగా పెరిగిందేమీ కనబడలేదు. ఎందుకని చూస్తే, బడి ఇస్తుందని తెలిసిన తల్లిదండ్రులు ఆ సామాన్ల మీద తాము పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు.

దీన్ని బట్టి తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనుకోవడం పొరపాటు. సేద్యం ఇళ్ళ లెక్క తెలిసినవారికి ఇది ఆశ్చర్యం కాదు. పిల్లవాడి పుస్తకాలు బడిలోనే వస్తాయని తెలిస్తే, ఆ డబ్బు విత్తనాలకో, బాకీకో, ముసలమ్మ మందులకో పోతుంది. కుటుంబానికి మేలే జరిగింది. కాని దాత అనుకున్న మేలు మాత్రం జరగలేదు. సాయం చేసేవాడు తాను రాకముందు ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారో తెలుసుకోవాలన్నది దీని నీతి.

అయితే ఏది పనిచేస్తుంది?

ఇంతవరకు చదివి, ఏదీ పనిచేయదు కాబట్టి చందా ఇవ్వడం మానేద్దాం అని ఎవరైనా అనుకుంటే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు. పనిచేసేవి ఉన్నాయి.

బొంబాయిలో 1995లో మొదలైన ప్రథమ్ సంస్థ, అక్షరాలు రాని 3, 4 తరగతుల పిల్లలను రోజూ 2 గంటలు విడిగా కూర్చోబెట్టి, అదే బస్తీకి చెందిన, హైస్కూలు చదివిన అమ్మాయిలచేత చదవడం, కూడికలు నేర్పించింది. వాళ్ళను బాలసఖులు అన్నారు. 2001 నుంచి బొంబాయి, వడోదరలలో చీటీ పద్ధతిలోనే దీన్ని పరీక్షించారు. మార్కులు పెరిగాయి, అన్నిటికంటె వెనకబడ్డ పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. ఈ పరీక్ష నడిపిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో క్రెమర్‌తో కలిసి 2019లో నోబెల్ పంచుకున్నారు.

కెన్యాలో 2005 నుంచి ఐ.సి.ఎస్. సహకారంతో ఇంకో పరీక్ష జరిగింది. ఒకటో తరగతికి అదనంగా ఒక టీచరును ఇచ్చి, తరగతిని రెండు సెక్షన్లు చేశారు. సుమారు 120 బడుల్లో సగంచోట్ల పిల్లలను తెలిసినంత మేరకు విభజించారు, సగంచోట్ల కలగాపులగంగా. తెలిసినంత మేరకు విభజించినచోట ముందువాళ్ళకూ మేలే, వెనకవాళ్ళకూ మేలే. టీచరు పాఠం తన ఎదుట ఉన్న పిల్లలకు తగినట్టు చెప్పగలిగాడు.

బుసియా పుస్తకాల పరీక్ష ఓడినచోటనే ఈ రెండూ నెగ్గాయి. పిల్లవాడు ఏ మెట్టుమీద ఉన్నాడో అక్కడనుంచి మొదలుపెట్టడం వాటి రహస్యం. దానికి ఖరీదైన వస్తువులు అక్కరలేదు. ఓపికగల మనుషులు కావాలి.

మనం నేర్చుకోవలసింది

మన కాలేజీలో ప్రతి ఏడూ ఏదో ఒకదానికి చందాలు పోగుచేస్తూనే ఉంటాం. తుఫాను వస్తే పోగుచేస్తాం, బీద విద్యార్థుల నిధికి పోగుచేస్తాం. రేపు ఉద్యోగాల్లో చేరి విదేశాలకు వెళ్ళిన మనలో కొందరు అక్కడినుంచి సొంత ఊరి బడికి డబ్బు పంపుతారు, ఇప్పటికే పంపుతున్న పూర్వ విద్యార్థులున్నారు. వారందరికీ బుసియా నుంచి వచ్చిన ప్రశ్నలు ఇవి.

ఒకటి. మనం తీర్చదలచుకున్న లోటు ఏది? పిల్లలు బడికి రాకపోవడమా, వచ్చినా చదువు రాకపోవడమా? రెంటికీ మందు ఒకటి కాదు.

రెండు. మనం ఇవ్వకపోతే ఆ ఖర్చు ఎవరైనా పెట్టుకుంటున్నారా? పెట్టుకుంటుంటే మన డబ్బు మరెక్కడ ఉపయోగపడుతుంది?

మూడు. మనమిచ్చే వస్తువును ఆ పిల్లవాడు వాడుకోగలడా? పంపిణీరోజు ఫోటో తీయడం కాదు, 6 నెలల తరువాత వెళ్ళి ఆ పుస్తకంలో ఒక పేజీ చదవమనండి.

నాలుగు. మేలు జరిగిందని దేనితో పోల్చి అంటున్నాం? నిరుటితో పోలిస్తే చాలదు, సాయం అందని పక్క ఊరి బడి కూడా ఈలోగా మెరుగుపడి ఉండవచ్చు.

అయిదు. ఫలితం లేదని తేలితే ఆ మాట దాతలకు చెప్పగలమా?

ఈ అయిదో ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతారు. ఐ.సి.ఎస్. గొప్పతనం అక్కడే ఉంది. పుస్తకాలకని డబ్బిచ్చిన దాతకు, మీ పుస్తకాలవల్ల సగటున మార్కులు పెరగలేదు అని తేలే అవకాశం ఉన్న పరీక్షకు ఆ సంస్థ ఒప్పుకుంది. ఫలితం నిజంగానే అలా వచ్చాక దాన్ని దాచిపెట్టనూ లేదు. తరువాతి పరీక్షకు మళ్ళీ ఒప్పుకుంది. చందాల మీద బతికే సంస్థకు ఇది ఎంత కష్టమో, ఒకసారైనా రసీదు పుస్తకం పట్టుకొని నాలుగిళ్ళు తిరిగినవారికి తెలుస్తుంది.

అలాగని ప్రతి చిన్న సంస్థా వంద బడుల్లో ప్రయోగాలు చేయాలని కాదు. 10 మంది పిల్లలకు ఫీజు కట్టే సంఘానికి అది సాధ్యం కాదు, అవసరమూ లేదు. రైతు తన 2 ఎకరాల్లో రోథాంస్టెడ్‌ను నిలబెట్టడు. పరిశోధన కేంద్రంలో తేలినదాన్ని తెలుసుకొని, తన మట్టికి సరిపోతుందో లేదో ఒక మడిలో వేసి చూసి, తరువాత చేనంతా వేస్తాడు. చిన్న సంస్థలు చేయవలసిందీ అదే. ఒకరు కష్టపడి తేల్చినదాన్ని పదిమంది వాడుకోవాలి.

కొలతకు అందని మేళ్ళు కూడా ఉన్నాయి. కొత్త బట్ట తొడుక్కొని బడికి వెళ్ళిన పిల్లవాడి సంతోషానికి మార్కుల కాగితంలో గడి లేదు. తన కోసం ఎక్కడో ఒకరు ఆలోచిస్తున్నారన్న ధైర్యానికి కొలబద్ద లేదు. వాటిని కాదనలేం. కాని ఆ సంతోషం పేరు చెప్పి, చదువు రాని పిల్లవాడికి చదువు వచ్చిందని మనం మనకు చెప్పుకోకూడదు. ఆ పిల్లవాడు 8వ తరగతి పరీక్షహాల్లో ప్రశ్నపత్రం ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు అతడికి ఆసరా అయ్యేది దాత మంచి మనసు కాదు, తనకు వచ్చిన చదువే.

కనుక మిత్రులారా, చందా ఇవ్వండి, అడగండి, పదిమంది చేతా ఇప్పించండి. ఇచ్చిన తరువాత రసీదు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. పిల్లవాడు ఏం నేర్చుకున్నాడని కూడా అడగండి. ఆ ప్రశ్న అడిగే దాతలు పెరిగితే, దానికి జవాబు వెతికే సంస్థలూ పెరుగుతాయి.